మంటను మోసేదెవరు?

మార్చిలో ఎండ ముదిరిందంటే మంఖాల్‌లో గిర్ని ముందు నిలబడటానికి కాస్త గుండెదిటవు కావాలి. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే కాలం అది. డాబా మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, తొడిమలు తీసిన మిరపకాయలు సంచుల్లో వరుస కడతాయి. గిర్ని నడిపే అబ్బాయి ముక్కుకు దస్తీ బిగించి కట్టుకుని, "పెద్దమ్మా, జర అవుతల నిలబడు, ఘాటు కొడ్తది" అంటాడు. పెద్దమ్మ జరగదు. ముందువాళ్ల కారం తన కారంలో కలవకుండా చూసుకోవద్దూ! పైన శంషాబాద్‌లో దిగే విమానం కిందికి ఒరుగుతూ వస్తుంటుంది. ఇక్కడ పట్టిన కారంలో కొంత నాలుగు కవర్ల లోపల టేపు చుట్టించుకుని అదే ఎయిర్‌పోర్టు మీదుగా డల్లస్‌కో మెల్‌బోర్న్‌కో పోతుంది.

గిర్ని దగ్గరున్న అందరికీ తుమ్ములే, అందరికీ కళ్ల నీళ్లే. చిత్రమేమిటంటే ఎవరికీ ఎక్కడా ఏమీ కాలలేదు. మండుతోందంటున్న నాలుక కింద థర్మామీటర్ పెడితే ఎప్పటి వేడే చూపిస్తుంది. అద్దంలో చూస్తే బొబ్బ లేదు, గాయం లేదు. అయినా మంట అబద్ధం కాదు. నిప్పు లేకుండా మంట పుట్టించే ఈ కిటుకే నొప్పి శాస్త్రానికి వందేళ్లుగా తాళం చెవి. ఆ తాళం చెవితో తెరిచిన గదుల్లో ఎదురవుతుంది 'సబ్‌స్టెన్స్ పి' అనే చిన్న పదార్థం. నొప్పిని మోసుకెళ్లేది ఇదేనని, దీన్ని ఆపితే నొప్పి ఆగిపోతుందని పెద్ద పెద్ద కంపెనీలు కోట్ల డాలర్లు పోశాయి. ఆ డబ్బుతో నొప్పి మందు రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఇందులో అసలు కథ.

మిరపకాయలో కారం గింజల్లో ఉంటుందని మనలో చాలామంది నమ్మకం. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. దాని పేరు క్యాప్సైసిన్. చర్మంలో, నోట్లో, కంట్లో ఉండే కొన్ని నరాల కొసల మీద టీఆర్‌పీవీ1 అనే ద్వారం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకోవడం దాని పని. చెయ్యి కాలకముందే లాగేసుకోమని చెప్పడానికి ఒంట్లో పెట్టిన ఏర్పాటు అది. క్యాప్సైసిన్ వచ్చి అదే ద్వారానికి అతుక్కుంటే మామూలు ఒంటి వేడికే తెరుచుకుంటుంది. కడాయిలోంచి అప్పుడే తీసిన మిర్చి బజ్జీ చల్లారిన బజ్జీ కన్నా అంతగా మండటం అందుకే, వేడీ కారమూ ఒకే గడియను చెరొక వైపు నుంచీ లాగుతాయి. 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం ఈ ద్వారం తాలూకు జన్యువును పట్టుకుంది. 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయన నోబెల్ అందుకున్నాడు.

రామచిలుకకు పండుమిరప ఎందుకు మండదో కూడా ఇక్కడే తేలింది. పక్షులకూ ఆ ద్వారం ఉంది, వేడికి తెరుచుకుంటుంది, కానీ క్యాప్సైసిన్‌కు చిక్కదు. గింజ నమిలేసే జంతువులను దూరం పెట్టి, మింగి ఎక్కడో రెట్ట వేసే పక్షులను పిలుచుకోవడం మిరప మొక్క ఎత్తుగడ. మనిషి మాత్రం మంటనూ లెక్కచేయక, తొక్కు నూరుకుని, ముద్దపప్పులో నంజుకుంటున్నాడు. నోరు మండినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా లాభం ఉండదు, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పెరుగో పాలో అయితే కొవ్వుతో, ప్రోటీన్‌తో దాన్ని పట్టి లాగేస్తాయి. కాయలు ఏరిన చేతులకు ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడుక్కునే కూలీ ఆడవాళ్లు ఈ రసాయన శాస్త్రాన్ని ఏ బడిలోనూ చదవలేదు.

ద్వారం తెరుచుకున్నాక సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూకుతాయి. నరంలో చిన్న విద్యుత్ అల పుట్టి లోపలికి బయల్దేరుతుంది. నోటి నుంచి అయితే చెవి ముందు లోపలగా ఉండే ట్రైజెమినల్ నాడీగుచ్ఛం మీదుగా మెదడు కాండానికి, కాలి నుంచి అయితే వెన్నుపాముకు. గడప రాయి కాలివేలికి తగిలినప్పుడు గమనించే ఉంటారు. ముందు చురుక్కుమంటుంది. ఒక్క లిప్త ఆగి, అసలు సలుపు అప్పుడు మొదలవుతుంది. రెండు రకాల నరాలు రెండు వేగాలతో మోసిన ఒకే వార్త అది. పైతొడుగు ఉన్న సన్న నరం సెకనుకు ఐదు నుంచి ముప్పై మీటర్లు పరుగెత్తుతుంది. తొడుగు లేని సి నరం సెకనుకు ఒక్క మీటరు నడిస్తే గొప్ప. సబ్‌స్టెన్స్ పి ఎక్కువగా ఉండేది ఈ నెమ్మది నరాల్లోనే.

ఈ నరాల తల్లి కణాలు వెన్నెముక పక్కన చిన్న గుచ్ఛాలుగా ఉంటాయి. అక్కడ ఒక పెద్ద ప్రోటీన్‌ను తయారుచేసి, ముక్కలు చేసి, 11 అమైనో ఆమ్లాల చిట్టి గొలుసును, అంటే పెప్టైడ్‌ను, బయటికి తీస్తాయి. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటాయంటే ఇదెంత చిన్నదో ఊహించుకోవచ్చు. దాన్ని చిన్న చిన్న సంచుల్లో కట్టి నరం పొడవునా రెండు కొసలకూ పంపిస్తాయి. వెన్నుపాము కొసలో ఆ సంచుల పక్కనే గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం కూడా సిద్ధంగా ఉంటుంది. అల రాగానే ముందు పోయేది గ్లూటమేట్. ఎదుటి కణాన్ని తాకి మిల్లీ సెకన్లలో పని ముగించేస్తుంది. చిన్న నొప్పికి అదే చాలు. నొప్పి గట్టిదై, అలలు ఆగకుండా వస్తేనే సబ్‌స్టెన్స్ పి సంచులు విప్పుకుంటాయి. గ్లూటమేట్ ఇంటి తలుపు తట్టి చెప్పిపోయే మనిషైతే, సబ్‌స్టెన్స్ పి ఊరంతా వినేలా దండోరా వేసేది. విడుదలైన చోటు నుంచి చుట్టుపక్కలకు పాకి, ఎన్‌కే1 అనే గ్రాహకాలున్న కణాలన్నిటినీ సెకన్లు, నిమిషాల పాటు ఉలిక్కిపడే స్థితిలో ఉంచుతుంది. ఆ తర్వాత వచ్చే చిన్న స్పర్శ కూడా పెద్దగా వినిపిస్తుంది. కాలిన చేతికి చీర కొంగు తగిలినా ప్రాణం పోయినట్టుండటంలో దీని వాటా ఉంది.

అయితే తయారైన సబ్‌స్టెన్స్ పిలో ఎక్కువ భాగం వెన్నుపాముకు కాదు, చర్మం వైపుకే పోతుంది. ఇది వినగానే ఆశ్చర్యం వేస్తుంది, వార్త మోయాల్సినవాడు బయల్దేరిన చోటికే మూటలు తీసుకుపోవడమేమిటని. అక్కడ అది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, వాటి గోడల్లోంచి ద్రవాన్ని బయటికి ఊరనిస్తుంది, మాస్ట్ కణాలను తట్టి హిస్టమిన్ చల్లిస్తుంది. ఎరుపు, వాపు, ముక్కు కారడం, గిర్ని అబ్బాయి కళ్లు జీరలు కట్టడం, అన్నిటిలోనూ దీని చెయ్యి ఉంది. గాయం లేకుండానే గాయానికి చేయాల్సిన ఉపచారమంతా నరం తన వంతుగా చేసేస్తుందన్నమాట. మిరపకాయలు ఒట్టి చేతులతో తరిగినవాళ్లకు గంటల తరబడి చేతులు మండే పరిస్థితికి వైద్య పుస్తకాల్లో చైనా రాష్ట్రం హునాన్ పేరు పెట్టారు. గుంటూరు యార్డులో, ఖమ్మం, వరంగల్ చేలల్లో తరతరాలుగా అవే చేతులు మండుతున్నాయి. మనవాళ్లెవరూ రాసి పంపకపోవడం వల్ల ఆ పేరు మనకు దక్కలేదు. దక్కినా గొప్పేమీ లేదనుకోండి.

గుర్రం మెదడు నుంచి గుంటూరు దాకా

1931లో లండన్‌లోని హెన్రీ డేల్ ప్రయోగశాలలో ఇద్దరు కుర్రవాళ్లు, స్వీడన్ నుంచి వచ్చిన ఉల్ఫ్ వాన్ ఆయిలర్, ఇంగ్లండ్‌వాడు జాన్ గాడమ్, గుర్రం మెదడు నుంచీ పేగుల నుంచీ తీసిన సారంతో కుస్తీ పడుతున్నారు. దాన్ని ఎక్కిస్తే కుందేలు రక్తపోటు పడిపోతోంది, పేగు ముడుచుకుంటోంది. అప్పటికి తెలిసిన ఏ రసాయనమూ కాదు. తమ గ్రాఫుల మీద, సీసాల మీద పి అని గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తే పేరై నిలబడింది. నొప్పి ప్రస్తావన అప్పటికి లేదు. 1953లో లెంబెక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, వెన్నుపాములోకి వార్తలు తెచ్చే నరాల మూలాల్లో ఇది ఎక్కువగా ఉందని చూసి, ఇంద్రియ వార్తలను మోసేది ఇదే కావచ్చన్నాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం ఎవరూ దీన్ని శుద్ధంగా బయటికి తీయలేకపోయారు. తీసింది సుసాన్ లీమన్ అనే శాస్త్రవేత్త. ఆమె వెతుకుతున్నది ఇంకో హార్మోన్ కోసం. ఆవు మెదడు సారం ఎక్కించిన ఎలుకలు చొంగ కారుస్తుంటే, దారి మళ్లి ఆ చొంగ వెంట పోయింది. 1970, 71 నాటికి గొలుసులోని 11 పూసలూ వరుసగా చెప్పగలిగింది.

ఈ లోపు హంగేరీలో ఇంకో పని జరుగుతోంది. సెగెడ్ పట్నం పాప్రికా మిరపకు పేరున్న చోటు, మన గుంటూరు లాగే. అక్కడ మిక్లోష్ యాంచో అనే వైద్యుడు జంతువులకు క్యాప్సైసిన్ పదే పదే ఇచ్చి చూశాడు. మొదట విలవిల్లాడిన జంతువులు తర్వాత మిరపకే కాదు, మంట పుట్టించే ఇతర రసాయనాలకూ చలించడం మానేశాయి. నరం కొస అలసి, ఖాళీ అయి, పని మానేసిందన్నమాట. మిరపను పండించుకుని తినే ఊరివాళ్లు దాన్నే ప్రయోగశాలకు పట్టుకెళ్లారు. మనకు లాం ఫారం ఉంది, అక్కడి శాస్త్రవేత్తలు దిగుబడికీ రంగుకూ తెగుళ్లకూ మంచి రకాలు ఎన్నో ఇచ్చారు. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి యార్డు గుంటూరులో ఉంది. తేజ రకం కాయ ఘాటంతా సారంగా పిండి ఓడలెక్కిస్తున్నాం. ఆ ఘాటు మనిషి ఒంట్లో ఏం చేస్తోందన్న ప్రశ్న మాత్రం మన మిరప చేల గట్టు దాటి మన మెడికల్ కాలేజీల దాకా వచ్చిన గుర్తులు తక్కువ. ఇది నా ఫిర్యాదు.

1977లో జెస్సెల్, ఐవర్సన్ అనే ఇద్దరు ఎలుక మెదడు కాండంలో ట్రైజెమినల్ నరం వచ్చి చేరే చోట ముక్క తీసి, మార్ఫిన్ తగిలిస్తే సబ్‌స్టెన్స్ పి విడుదల తగ్గిపోతోందని చూపించారు. వేల ఏళ్ల నల్లమందు చేసే పనికి ఒక కారణం కళ్లెదుట కనిపించింది. ఇంకేం, సబ్‌స్టెన్స్ పి నొప్పి అణువైపోయింది. దాని గ్రాహకాన్ని మూసే మందు 1991లో వచ్చింది. జంతువుల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. పన్ను పీకించుకున్నవాళ్లకు, కీళ్లవాతం వాళ్లకు, నరాల నొప్పివాళ్లకు, మైగ్రేన్ వాళ్లకు ఇలాంటి మందులు ఇచ్చి చూస్తూ పోయారు. మందులు మెదడులోకి చేరుతున్నాయి, గ్రాహకాలు మూసుకుంటున్నాయి, నొప్పి మాత్రం అలాగే ఉంటోంది. 1998లో అసలు సబ్‌స్టెన్స్ పి తయారుచేయలేని ఎలుకలను పుట్టించారు. అవి చిన్న నొప్పులకు మామూలు ఎలుకల్లాగే ఎగిరిపడ్డాయి. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన నొప్పి దగ్గర మాత్రం కొంత తేడా కనిపించింది. దండోరా వేసేవాణ్ణి ఊళ్లోంచి పంపేసినా ఇళ్లకు కబురు అందుతూనే ఉందన్నమాట. గ్లూటమేట్ ఉంది, ఇంకా పది రకాల పెప్టైడ్లున్నాయి.

మందులు వృథా పోలేదు. వాంతి పుట్టించే మెదడు కాండపు భాగంలో సబ్‌స్టెన్స్ పి మాటే చెల్లుబాటు. ఎన్‌కే1ను మూసే అప్రెపిటాంట్‌ను అమెరికా 2003లో అనుమతించింది, నొప్పికి కాదు, కీమోథెరపీ తర్వాత వచ్చే వాంతులకు. మొదటి రోజు 125 మిల్లీగ్రాములు, తర్వాత రెండు రోజులు 80 చొప్పున. క్యాన్సర్ వార్డుల్లో కీమో ఎక్కించుకున్న సాయంత్రం ఇంత అన్నం కడుపులో నిలబడుతోందంటే, నొప్పి మందుగా ఓడిపోయిన ఆ పరిశోధనకు కొంత పుణ్యం దక్కాలి.

విన్నవాడే లేనప్పుడు

నొప్పి గురించి హైదరాబాద్‌కు ఒక పాత లెక్క ఉంది. 1888లో, మళ్లీ 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో ఇక్కడ మత్తుమందు క్లోరోఫామ్ మీద కమిషన్లు కూర్చున్నాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. క్లోరోఫామ్ చంపితే ఊపిరి ఆపి చంపుతుందా, గుండె ఆపి చంపుతుందా అన్నది తగాదా. ఊపిరేనని లారీ తీర్పు, ప్రపంచమంతా దాన్ని చదివింది. 1911 నాటికి గుండెను కూడా ఆపగలదని తేలి తీర్పు తలకిందులైంది. మత్తు ఇవ్వడంలో చేయి తిరిగిన రూపాబాయి ఫర్దూన్‌జీ, ఆ పనిలో ప్రపంచంలోనే తొలి మహిళగా చెప్పుకునే డాక్టర్, ఈ నగరం మనిషే.

క్లోరోఫామ్ సంగతి ఇక్కడ ఎందుకంటే, అలాంటి మత్తులో ఉన్న మనిషిని కోసినప్పుడు నరాల కొసల్లో జరిగేదంతా చాలావరకు జరుగుతూనే ఉంటుంది. ద్వారాలు తెరుచుకుంటాయి, అలలు నడుస్తాయి, వెన్నుపాములో సంచులు విప్పుకుంటాయి. నొప్పి మాత్రం లేదు. అంటే వెన్నుపాము దాకా చేరిన వార్త వార్తే, నొప్పి కాదు. నొప్పిగా మారాలంటే పైన వినేవాళ్లుండాలి. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పికి కొత్త నిర్వచనం రాసుకున్నప్పుడు ఈ రెండూ వేర్వేరని విడిగా పేర్కొంది. జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసే శ్రీనివాస రాజా ఆ కమిటీకి అధ్యక్షుడు.

వార్తే పుట్టని ఒళ్లు ఎలా ఉంటుందో నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి చూసింది. 1915లో ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి అక్కడ కుష్ఠు రోగులకు ఆసుపత్రి మొదలుపెట్టారు. కుష్ఠు సూక్ష్మజీవి చల్లగా ఉండే చర్మపు నరాల్లో కాపురం పెడుతుంది. ఆ నరాలు మొద్దుబారిన రోగులు పొయ్యి మీది గిన్నెను ఒట్టి చేతులతో దించుతారు, చెప్పులో రాయి గుచ్చుకుంటున్నా నడుస్తారు, పుండు పడిందని రక్తపు మరక చూస్తేగానీ తెలియదు. 1989లో 100 మంది కుష్ఠు రోగుల చర్మపు ముక్కలను పరీక్షించినప్పుడు చాలావాటిలో సబ్‌స్టెన్స్ పి లాంటి పెప్టైడ్ల జాడ చెరిగిపోయి ఉంది. నొప్పి తెలియడం పోతే వేళ్లూ పాదాలూ ఒక్కొక్కటే పోతాయి.

తమ్ముడిది పైచేయి

సబ్‌స్టెన్స్ పి ఉన్న సంచుల్లోనే చాలాసార్లు సీజీఆర్‌పీ అనే ఇంకో పెప్టైడ్ ఉంటుంది, 37 పూసల గొలుసు. 1980ల మొదట్లో, కాల్సిటోనిన్ హార్మోన్ జన్యువునే కణం ఇంకో రకంగా చదివి దీన్ని తయారు చేస్తోందని బయటపడింది. రక్తనాళాలను వెడల్పు చేయడంలో దీన్ని మించింది లేదు. 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ మైగ్రేన్ నొప్పి నడుస్తుండగా రోగుల మెడ సిరలోంచి రక్తం తీసి కొలిచారు. సీజీఆర్‌పీ పెరిగింది. సబ్‌స్టెన్స్ పి పెరగలేదు. తర్వాత మైగ్రేన్ ఉన్నవాళ్లకే సీజీఆర్‌పీ ఎక్కించి చూస్తే తలనొప్పి వచ్చింది. ఎండలో తిరిగినా, ఒక పూట ఉపవాసమున్నా, రాత్రి డ్యూటీ చేసి నిద్ర చెడినా సగం తల పోటెత్తి, వెలుతురు చూడలేక చీకటి గదిలో దుప్పటి కప్పుకునేవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. "ఒట్టి తలనొప్పే కదా" అనిపించుకుంటూ బతుకుతున్న వాళ్లకు ఆ రక్తపరీక్ష ఒక సాక్ష్యం.

సీజీఆర్‌పీ గ్రాహకాన్ని మూసే ఎరెనుమాబ్ ఇంజెక్షన్ 2018లో వచ్చింది, నెలకొకసారి. ఒక పెద్ద పరీక్షలో ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో సగం మందికి తలనొప్పి రోజులు సగానికో అంతకన్నా తక్కువకో పడ్డాయి. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలోనూ నలుగురిలో ఒకరికి పైగా అలాగే తగ్గాయి. ఈ రెండో అంకెను గుర్తుంచుకోండి. ఈ రకం మందులు 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ప్రయాణం చేయాలి. మంఖాల్ పక్కనున్న ఎయిర్‌పోర్టులో మందుల కోసం కట్టిన చల్లని గోదాములు అలాంటివాటి కోసమే. ధర మాత్రం ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ల జేబుకు అందేది కాదు.

క్యాన్సర్ ముదిరిన నొప్పికి ఇప్పటికీ దిక్కు మార్ఫినే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ పేరు ఆ నొప్పిని తగ్గించే పనితో ముడిపడింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కట్టుబాట్లతో ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడానికే భయపడేవి. 2014 సవరణతో ఆ ముడి కొంత సడలింది. ఒంట్లోనే తయారయ్యే మార్ఫిన్ లాంటి పెప్టైడ్లను 1975లో స్కాట్లాండ్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ కనిపెట్టారు. ఐదే పూసల ఎన్‌కెఫలిన్లు, వెన్నుపాములో సబ్‌స్టెన్స్ పి విడుదలయ్యే కొసల పక్కనే కాపలా ఉంటాయి. 1978లో పన్ను పీకించుకున్నవాళ్లకు ఉత్తుత్తి మందిచ్చి, నొప్పి తగ్గిందన్నవాళ్లకు మార్ఫిన్‌కు విరుగుడైన నాలాక్సోన్ ఇచ్చారు. నొప్పి తిరిగొచ్చింది. మందు ఉత్తుత్తిదే కానీ ఉపశమనం రసాయనమే. ఫలానా డాక్టరు చెయ్యి మంచిదంటూ దూరం వెళ్లేవాళ్లను చూసి నవ్వేవాళ్లు ఈ ప్రయోగం చదవాలి.

మిరప కూడా మందుల షాపుకు చేరింది. అక్కి వచ్చి తగ్గాక నెలల తరబడి పీడించే మంటకు 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని 2009లో అనుమతించారు. డాక్టరు పర్యవేక్షణలోనే వేయాలి, చేతికి గ్లోవ్స్ తప్పవు. తేలికపాటి క్రీములు 0.025 శాతం నుంచి ఉంటాయి. రోజూ మూడు నాలుగు సార్లు, వారాల పాటు రాస్తేగానీ పనిచేయవు, మొదటి వారం మంట పెరుగుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. గిర్నిలో పట్టించిన కారం నూనెలో కలిపి రాసుకోవడం దీనికి బదులు కాదు, చర్మం ఊడొస్తుంది.

2025 జనవరిలో అమెరికా సుజెట్రిజిన్ అనే మాత్రను అనుమతించింది. ఇది ఏ పెప్టైడ్‌నూ పట్టించుకోదు. నొప్పి నరాల్లో అల నడవడానికి కావలసిన ఒక సోడియం ద్వారాన్ని మూస్తుంది, మెదడు జోలికి పోదు. ఆపరేషన్ తర్వాతి నొప్పికి పనిచేసింది. నడుము నుంచి కాలు దాకా లాగే సయాటికా మీద కూడా పన్నెండు వారాలు పరీక్షించారు. పదికి ఇన్ని అని నొప్పిని కొలిస్తే, మాత్ర వేసుకున్నవాళ్లకు సగటున 2.02 తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వాళ్లకు 1.98 తగ్గింది.